మొక్కల పిచ్చి ఎక్కడిదని అడిగావుగా

లెస్టర్, ఇంగ్లండ్,
నవంబర్ 16

నాన్నా,

నువ్వూ అమ్మా కులాసాగా ఉన్నారనుకుంటాను. మొన్న ఫోన్‌లో అడిగావు గదా, "మన ఇంట్లో ఎవరికీ లేని ఈ మొక్కల పిచ్చి నీకెక్కణ్ణుంచి పట్టిందే" అని. పక్కన పిల్లలు గోల చేస్తుంటే నవ్వేసి పెట్టేశాను. తర్వాత ఆలోచిస్తే, ఆ మాట నువ్వు అడగడమే విడ్డూరంగా తోచింది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. వాట్సాప్‌లో ఇంత పంపితే నువ్వు సగం చదివి ఫోన్ పక్కన పెట్టేస్తావు, కాగితమైతే కళ్ళజోడు తుడుచుకుని మరీ చదువుతావు.

ముందు అవ్వ సంగతి. "ఎవరికీ లేని" అన్నావంటే ఆమె పైనుంచి మొట్టికాయ వేస్తుంది. బెంగళూరు త్యాగరాజనగర్ ఇంటి మెట్ల మీద డాల్డా డబ్బాల్లో మరువం, దవనం, కనకాంబరాలు పెంచిందెవరు? బియ్యం కడిగిన నీళ్ళు తూములో పారబోసినందుకు అమ్మ ఎన్నిసార్లు తిట్లు తినలేదు! గాంధీ బజారు అంత దగ్గరలో ఉన్నా, కనకాంబరాలు మాత్రం ఇంట్లోవే కావాలి ఆమెకి. తోట అందంగా ఉండాలన్న ఆలోచనే లేదు. జడలోకి, దేవుడికి, పులుసులోకి ఏది పనికొస్తే అదే పెంచేది. ఆ మొండితనం నాకూ వచ్చింది. చూడ్డానికి తప్ప ఎందుకూ పనికిరాని మొక్కలు పెంచేవాళ్ళంటే ఇప్పటికీ నాకు కాస్త అనుమానమే. అమ్మ క్రోటన్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి, ఈ ముక్క మాత్రం ఆమెకి చదివి వినిపించకు.

గులాబీలకు మాత్రం మినహాయింపు, అది తోటమాలి తాత పుణ్యం. నెలకోసారి తోపుడు బండిలో ఎర్రమట్టీ, బాగా మాగిన పేడ ఎరువూ వేసుకుని వచ్చేవాడే, గుర్తున్నాడా? తిగళ కులస్థుడు. బెంగళూరు చుట్టూ కూరగాయలూ పూలూ పండించిన వాళ్ళలో తరతరాలుగా వాళ్ళే ఎక్కువ. తెలుగూ కన్నడమూ అరవమూ కలిపి ఒకే వాక్యంలో మాట్లాడేవాడు. చైత్ర పౌర్ణమి దగ్గరపడిందంటే ధర్మరాయస్వామి గుడిలో కరగ ఉత్సవం అయ్యేదాకా మన వీధి వైపు వచ్చేవాడు కాదు. గులాబీ కొమ్మ కత్తిరించేటప్పుడు నన్ను పక్కన నిలబెట్టుకుని, నా బొటనవేలు పట్టుకుని కణుపు మీద ఉబ్బిన కన్ను మీద ఆనించేవాడు. ఆ కన్ను బయటి వైపు చూస్తుండాలి. దానికి పావు అంగుళం పైన, ఏటవాలుగా ఒక్క వేటు. లోపలికి చూసే కన్ను దగ్గర కోస్తే కొత్త కొమ్మలన్నీ నడిమధ్యకి వచ్చి రాసుకుంటాయి, గాలి ఆడదు, తెగులు పడుతుంది. అక్కడ వానలు తగ్గాక, అక్టోబర్ నాటికి కత్తెర పట్టేవాడు. ఇక్కడ చలి వెనకబట్టాక ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో నేను పడతాను. ఇప్పటికీ కోసే ముందు బొటనవేలు కన్ను మీదికే పోతుంది.

ఇక నీ సంగతి. "నేనొక్క మొక్కా నాటలేదు" అంటావు. నిజమే, పలుగు పట్టిన చెయ్యి కాదు నీది. కానీ రోజూ పొద్దున లాల్‌బాగ్ తోట పడమటి గేటు నుంచి నడిచొచ్చి, చొక్కా జేబులోంచి ఏదో ఒక రాలిన పువ్వు తీసి, కాఫీ గ్లాసు పక్కన పేపర్ మీద పెట్టేవాడివి. ఈ నవంబర్ రోజుల్లో అయితే ఆకాశమల్లె, పొడుగాటి తెల్ల కాడతో. సంక్రాంతి దాటితే గులాబి రంగు ట్యాబెబూయా, దాని వెనక పసుపుది. మార్చిలో జకరాండా, ఏప్రిల్ ఆఖర్లో తురాయి. తురాయి పేపర్ మీదికి వచ్చిందంటే నాకు సెలవులు. మొక్క కన్నా ముందు నేను నేర్చుకున్నది ఈ వరసే. ఏది అయిపోతుంది, దాని వెనక ఏది వస్తుంది అని.

అది వాటంతటవే కుదిరిన వరస కాదట నాన్నా. నువ్వు వాకింగ్‌కి దాటే క్రుంబీగల్ రోడ్డు ఉంది చూడు, ఆ పేరుగల జర్మన్ మనిషి పని. గుస్టాఫ్ క్రుంబీగల్ 1865లో డ్రెస్డెన్ దగ్గర పుట్టాడు. ఇక్కడ లండన్‌లోని క్యూ గార్డెన్స్ అనే పెద్ద వృక్షశాస్త్ర తోటలో పనిచేసి, 1893లో బరోడా రాజు గైక్వాడ్ కొలువుకు వెళ్ళి, 1908లో లాల్‌బాగ్‌కి వచ్చాడు. ఒక వీధి చెట్లు పూసి ఆగేసరికి ఇంకో వీధివి మొదలవ్వాలని, ఏడాది పొడుగునా ఊళ్ళో ఎక్కడో ఒకచోట పువ్వు ఉండాలని లెక్కేసి చెట్లు నాటించాడు. జర్మన్ కాబట్టి రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ బ్రిటిష్ వాళ్ళు ఆయన్ని నిర్బంధంలో పెట్టారు. అయినా ఊరు వదల్లేదు, 1956లో బెంగళూరులోనే పోయాడు. ఆయనకు ముందు లాల్‌బాగ్ చూసిన కామెరాన్ కూడా క్యూ మనిషే. అవ్వ కూటులో వేసే బెంగళూరు వంకాయని, అదే చౌచౌని, మన ఊరికి తెచ్చింది ఆయనేనంటారు. ఆగస్టు 15కీ జనవరి 26కీ నన్ను భుజాన ఎక్కించుకుని ఫ్లవర్ షోకి తీసుకెళ్ళిన గాజు ఇల్లు కూడా ఆయన కాలంలోదే, 1889లో మొదలుపెట్టారు. ఆ షోలో పూలతో కట్టే గోపురాలూ బొమ్మలూ నాకెప్పుడూ నచ్చలేదు సుమా. తోసుకునే జనం, మెడలు చాచి చూడటం, అంతే. బయట నర్సరీ వాళ్ళు పరిచిన కుండీల దగ్గర మాత్రం ఎంతసేపైనా నిలబడేదాన్ని, నువ్వు విసుక్కునేదాకా.

1908 అంటే ఇంకొకటి చెప్పాలి. ఇక్కడ అలాట్‌మెంట్లని ఉంటాయి, కౌన్సిల్ వాళ్ళు సొంత స్థలం లేనివాళ్ళకు కూరగాయలు పండించుకోమని కొద్దిపాటి అద్దెకిచ్చే జాగాలు. జనం అడిగితే జాగా చూపించాల్సిన బాధ్యత కౌన్సిళ్ళదేనని ఖాయం చేసిన చట్టం ఆ ఏడాదిదే. పూర్తి ప్లాట్ అంటే మన లెక్కలో 300 గజాలు. నాది అందులో సగం. బెంగళూరులో 150 గజాలంటే మూడంతస్తులు లేపి అద్దెలకిస్తారు, నేను ఉల్లికాడలు వేసుకుంటున్నాను.

పక్క ప్లాట్ ఒక గుజరాతీ ముసలమ్మది. అందరూ బా అని పిలుస్తారు, నేనూ అంతే. పాలిథీన్ టన్నెల్ వేసి అందులో సొరకాయ, బీరకాయ, మెంతికూర పండిస్తుంది. నా గోంగూరకి అందులో ఓ మూల ఇచ్చింది. గోంగూర పగటిపూట తగ్గితేనే పూత పడుతుంది, ఇక్కడ జూన్‌లో పదహారు గంటలకు పైనే వెలుగు. ఇంకేం, వెచ్చగా ఉంటే చాలు, పూత ఊసెత్తకుండా ఆకే ఆకు. అనపకాయకి ఈ వెలుగే శత్రువు. తీగ పందిరంతా అల్లుకుంటుంది గానీ పూత సెప్టెంబర్ దాటాకే, కాయ పడేలోపు మంచు వచ్చి కూర్చుంటుంది. "ఇక్కడ దాని మీద ఆశ వదులుకో బేటీ" అని బా మొదట్లోనే చెప్పేసింది.

అనపకాయ లేకపోతే పితికిపప్పు లేదు, పితికిపప్పు లేకపోతే చలికాలమే కాదు కదా మనకి. దారి చూపించింది అవతలి ప్లాట్ ఇంగ్లీషు ముసలాయన. పలకరిస్తే వాతావరణం తప్ప మాట్లాడడు, ఒకరోజు మాత్రం పిలిచి గుప్పెడు బ్రాడ్ బీన్స్ విత్తనాలు చేతిలో పోసి, "నవంబర్‌లో వెయ్యి, చలికి చావవు" అన్నాడు. నిజంగానే చావవు. వేలెడు ఎత్తు మొలిచి మంచులో అలాగే నిలబడి, వసంతంలో ఒక్కసారిగా లేస్తాయి. కాయల్లో గింజలు ముదిరాక వేడినీళ్ళలో ఒక్క నిమిషం వేసి తీసి, రెండు వేళ్ళ మధ్య నొక్కితే చాలు, తోలు వదిలి పచ్చటి పప్పు జారిపడుతుంది. అవ్వ అనపగింజలు రాత్రంతా నానబెట్టి పొద్దున్నే చేట ముందు కూర్చుని పితికేది, అదే పని, అదే నొక్కు. రుచి కొంచెం వేరు. కొబ్బరి, గసగసాలు, అల్లం మసాలా పడితే పిల్లలకు తేడా తెలీదు, నాకు తెలుస్తుంది. ఆ ముసలాయనకి ఓ గిన్నె ఇచ్చాను. కారం తట్టుకోలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే గిన్నె ఖాళీ చేశాడు.

నా నోటుబుక్ ఫోటో తీసి పంపమన్నావు, పంపిస్తాను. నెలనెలా వరసగా రాసుంటుంది. బ్రాడ్ బీన్స్ అయ్యేసరికి ఆలుగడ్డలు, అవి తవ్వేసరికి బీన్స్, తర్వాత గుమ్మడి, చలికి లీక్స్, కేల్. నీ కాఫీ గ్లాసు పక్కన పువ్వుల వరస చూసిన కళ్ళతో చూడు, ఎక్కణ్ణుంచి పట్టిందో తెలుస్తుంది.

మీ టికెట్ల సంగతి. మేలో వద్దు, జూన్ మొదటి వారానికి చూడు, అప్పటికి కాయలు ముదురుతాయి, పితికే పని నీదే. అమ్మ విత్తనాలు మూటకట్టి తెస్తానంటోంది, తేనివ్వకు. తెగుళ్ళూ పురుగులూ లేవని ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లేనిదే ఇక్కడికి విత్తనాలు రానివ్వరు, ఎయిర్‌పోర్ట్‌లో అనవసరపు టెన్షన్. మరువం నారు ఇక్కడే మార్జోరమ్ అని అమ్ముతారు, ఒక కుండీ కొనిపెట్టాను. ఆమెకి కావాల్సినంత పసుపూ కారప్పొడీ గసగసాలూ తెచ్చుకోమను, గసగసాలు మాత్రం మర్చిపోవద్దను.

నీ మోకాలి నొప్పికి డాక్టర్ ఏమన్నాడో రాయనేలేదు. అది రాయి.

నీ కూతురు