బ్లాకర్స్ ఏం లేవన్నాను మామా

ఒరేయ్ మామా,

నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నా. జనవరిలో ఇంటర్న్‌షిప్, మీటింగ్‌లో నోరు పెగలదేమోనని టెన్షన్, అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్‌లో చేరమంటావా అని కదా అడిగావు. ఫోన్లో చెబుదామంటే నువ్వు రెండో నిమిషంలో క్రికెట్‌లోకి దిగుతావు, అందుకే కూర్చుని రాస్తున్నా.

ముందు నా పరువు నేనే తీసుకుంటా. నేను ఉద్యోగంలో చేరిన రెండో వారం. పొద్దున్నే స్టాండప్ అని ఒకటుంటుంది, టీమంతా కలిపి 15 నిమిషాలు, నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, ఎక్కడైనా ఆగావా, అంతే. నాకేమో డేటాబేస్ యాక్సెస్ ఇంకా రాలేదు, అది లేకపోతే నా పని ఒక్క అంగుళం కదలదు. "ఎనీ బ్లాకర్స్?" అన్నాడు టీమ్ లీడ్, అంటే పనికి అడ్డం ఏమైనా ఉందా అని. "నో బ్లాకర్స్" అనేశా! లేవంటే అక్కడితో అయిపోతుంది, ఉన్నాయంటే ఇంగ్లిష్‌లో వివరించాలి, అదీ లెక్క. రెండు రోజులు పాత కోడ్ పైకీ కిందకీ తిప్పుతూ పని చేస్తున్నట్టు నటించా. మూడో రోజు పక్క సీట్లో అక్క నా స్క్రీన్ చూసి "అడిగితే ఇచ్చేస్తారు కదా తమ్ముడూ" అని నా చేతే ఒక మెసేజ్ పెట్టించింది. టీ తాగి వచ్చేసరికి యాక్సెస్ వచ్చేసింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

తర్వాత నోరు విప్పడం మొదలెట్టాను గానీ అదింకో కథ. మనం తెలుగులో ఎలా చెబుతాం? "పొద్దున్నే లాగిన్ పేజీ తెరిచి, ఎర్రర్ వస్తే గూగుల్‌లో వెతికి, అది కుదరక ఇంకోటి పెట్టి చూస్తే..." అని లాక్కుంటూ వెళ్లి చివర్లో "అయింది" అంటాం. మన భాషలో క్రియ చివర్నే కదా వచ్చేది, వినేవాడికీ ఆ అలవాటుంది కాబట్టి ఓపిగ్గా ఆగుతాడు. నేను దాన్నే ఇంగ్లిష్‌లోకి దించితే, అయిందో లేదో తెలీక లీడ్ పెన్ను టేబుల్ మీద టకటకలాడించేవాడు. ఇప్పుడు తోక ముందు చెబుతున్నా: "లాగిన్ పేజీ అవలేదు. టెస్టింగ్ సర్వర్ డౌన్. మధ్యాహ్నానికి అవుతుంది." కథ ఎవరైనా అడిగితేనే. నా గ్రామర్ ఏం మారలేదురా, అదే గ్రామర్, కానీ పెన్ను చప్పుడు ఆగింది.

మెసేజ్‌ల్లోనూ ఇదే జబ్బు. "హాయ్ సార్" అని పెట్టి ఆయన పలికేదాకా కాచుకుని కూర్చోవద్దు, ఏం చేస్తుంటే ఏ ఎర్రర్ వచ్చింది, అప్పటికే ఏం చేసి చూశావు, మూడూ హాయ్‌తో పాటే పంపెయ్. ఇంకోటి, అమెరికా వాళ్లతో కాల్ ఉంటే "ఐ హావ్ ఎ డౌట్" అనకు. మనకి డౌట్ అంటే ప్రశ్న, వాళ్లకి నమ్మకం లేకపోవడం. నేను అన్నప్పుడు అవతల ఒకాయన పాపం తన లెక్కలన్నీ మళ్లీ మొదట్నుంచీ చూపించాడు.

ప్రాక్టీస్ ఎక్కడంటావా, మెట్రోలో. అమీర్‌పేటలో బ్లూ లైన్ ఎక్కితే హైటెక్ సిటీ ఎనిమిదో స్టేషన్. పెద్దమ్మ గుడి దాటగానే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్ మాట్లాడుతున్నట్టుగా ఆ రోజు చెప్పాల్సింది గొణుక్కుంటా. ఆ రద్దీలో ఎవడి గోల వాడిది, మనల్ని ఎవరూ పట్టించుకోరు. ఒకసారి రికార్డ్ చేసుకుని విన్నా చూడు, ఒక్క నిమిషంలో పదకొండు "యాక్చువల్లీ"లు! వాటిని తీసేస్తే మిగిలింది రెండు వాక్యాలు.

ఇక కోచింగ్ సంగతి. మైత్రీవనం దగ్గర బోర్డులు చూసి భయపడి చేరకు, టోస్ట్‌మాస్టర్స్ అని నలుగురి ముందు మాట్లాడటం ప్రాక్టీస్ చేసే క్లబ్ ఒకటుంది, ముందు దాని మీటింగ్‌కి ఒకసారి అతిథిగా వచ్చి చూడు. 1924లో కాలిఫోర్నియాలో పుట్టింది, ఇక్కడ హైదరాబాద్‌లోనూ క్లబ్బులున్నాయి. టేబుల్ టాపిక్స్ అని అప్పటికప్పుడు ఒక విషయం ఇస్తారు, ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాలి. నువ్వెన్నిసార్లు "ఆ", "అమ్" అన్నావో లెక్కపెట్టడానికే ఒక మనిషుంటాడు, భలే ఉద్యోగం కదా! నేను వెళ్లిన రోజు నాకు గొడుగు గురించి ఇచ్చారు. నలభై సెకన్లలో సరుకైపోయింది, ఆ తర్వాత మా నాయనమ్మ గొడుగు గురించి అబద్ధాలు చెప్పా. చప్పట్లు మాత్రం గట్టిగానే కొట్టారు.

కాళ్లు వణకడం తగ్గిందా అని అడుగుతావేమో, లేదురా. సోమవారం నాకు డెమో ఉంది, ఇప్పట్నుంచే కడుపులో తిప్పుతోంది. మొదటి వాక్యం మాత్రం బట్టీ పట్టేశా, అది బయటపడితే మిగతాది ఎలాగోలా నడుస్తుంది.

ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తా. నీ ఫైనలియర్ ప్రాజెక్ట్ రెండు నిమిషాల్లో ఇంగ్లిష్‌లో చెప్పు, "యాక్చువల్లీ"లు నేను లెక్కపెడతా. అత్తమ్మ పక్కనుండి నవ్వినా ఆపకు, నా డెమో ఆమెకే ముందు వినిపిస్తానని చెప్పు.

నీ మామ