డేకేర్ సంచిలో మందు సీసా

సంపాదకులు గారికి నమస్కారం.

గాజువాకలో మా ఇంటి కింది వాటాలో చిన్న డేకేర్ నడుపుతున్నాను. స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు పనులకు వెళ్లేవాళ్ల పిల్లలు, పరవాడ ఫార్మా కంపెనీల్లో పనిచేసేవాళ్ల పిల్లలు మా దగ్గర ఎక్కువ. ఏడాది దాటినవాళ్ల నుంచి మూడున్నరేళ్ల వాళ్ల దాకా ఉంటారు. డేకేర్‌కి పంపే పిల్లల సంచి ఎలా సర్దాలో పేపర్లలో అప్పుడప్పుడూ రాస్తుంటారు. ఆ సంచులు రోజూ విప్పేవాళ్ల మాట కూడా ఒకసారి వేస్తారని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిజానికి మా తల్లులు చాలామంది సంచి శుభ్రంగానే సర్దుతారు. మాది ఉక్కపోత ఊరు. పల్చటి కాటన్ చొక్కాలు, లాగితే ఊడొచ్చే ఎలాస్టిక్ నిక్కర్లు నాలుగు పెడితే సగం పని అయిపోయినట్టే. జీన్స్ ప్యాంటు మాత్రం వద్దు, గుండీ తీసేలోపు తడిపేసుకుంటారు. పెరుగన్నం కలిపి పంపితే మధ్యాహ్నానికి పులిసిపోతోందని ఒకమ్మాయి బాధపడితే, వాళ్ల అత్తగారే కిటుకు చెప్పారు. గోరువెచ్చటి పాలతో మెత్తగా కలిపి, అర చెంచా పెరుగు తోడేసి డబ్బా మూత పెట్టేయడమే. పన్నెండింటికి తీస్తే కమ్మగా తోడుకుని ఉంటుంది. ఇప్పుడు మా దగ్గర సగం డబ్బాలు అలాగే వస్తున్నాయి. వాటర్ బాటిళ్లే అన్నీ ఒకేలా ఉంటాయి, అదే నీలం రంగు, అదే బొమ్మ. మార్కర్‌తో పేరు రాయండమ్మా అంటే కొత్త బాటిల్ పాడవుతుందంటారు. ఒకరి ఎంగిలి ఒకరు తాగితే పాడయ్యేది బాటిల్ కాదు కదా! పల్లీ ఉండలు, నిలువునా కోయని ద్రాక్షపళ్లు పెడితే తిరిగి పంపించేస్తాను. చిన్నపిల్లలకి గొంతులో అడ్డం పడతాయి. దారానికి గుచ్చిన దిష్టిపూసలూ అంతే, దారం తెగిందంటే పూస నోట్లోనే ఉంటుంది. బంగారం సంగతి ఎత్తితే ఇంకో ఉత్తరం అవుతుంది.

అసలు విషయానికి వస్తాను. సంచి ముందు జేబులో పెట్టే మందు సీసా గురించే నా గోలంతా.

పోయిన వానాకాలంలో ఒకటిన్నరేళ్ల బాబుని వాళ్ల తాతగారు స్కూటర్ మీద తెచ్చి దింపారు. “కొంచెం ఒళ్లు వెచ్చగా ఉందమ్మా. జ్వరం వస్తే సంచిలో మందుంది, ఒక చెంచాడు పట్టండి” అని చెప్పి వెళ్లిపోయారు. మధ్యాహ్నం అన్నాల వేళకి పిల్లాడి ఒళ్లు కాలిపోతోంది. సీసా తీస్తే లేబుల్ మీద మందు కారి అక్షరాలు సగం అలుక్కుపోయాయి. దాంతో రావాల్సిన డ్రాపర్ లేదు. కిటికీ దగ్గర పట్టుకుని చూస్తే పారాసిటమాల్, ఒక మి.లీ.కి 100 మి.గ్రా. అని కనిపించింది. అంటే అవి డ్రాప్స్.

ఇక్కడే చాలామంది పొరపడతారు. పిల్లల పారాసిటమాల్ సిరప్‌లో మామూలుగా 5 మి.లీ.కి 120, 125 మి.గ్రా. ఉండే రకం ఒకటి, 250 మి.గ్రా. ఉండే రకం ఇంకొకటి. డ్రాప్స్ అంతకంటే చిక్కన, అదే 5 మి.లీ.లో 500 మి.గ్రా. ఉంటుంది. డాక్టర్లు బరువుని బట్టి కిలోకి 10 నుంచి 15 మి.గ్రా. లెక్కన రాస్తారు. ఆ బాబు బరువు 10 కిలోలు. ఎక్కువలో ఎక్కువ 150 మి.గ్రా., డ్రాప్స్‌లో అయితే ఒకటిన్నర మి.లీ. తాతగారు చెప్పినట్టు 5 మి.లీ. చెంచాడు పట్టి ఉంటే మూడింతలు దాటిపోయేది. పాపం పెద్దాయన్ని అనడానికేం లేదు. అంతకుముందు ఇంట్లో ఉన్నది 125 రకం సిరప్పట, దానికి చెంచా లెక్క సరిపోతుంది. సీసా మారిన సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు.

తల్లికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. వాళ్ల ప్లాంటు లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. తండ్రి దొరికేదాకా పిల్లాడి చొక్కా విప్పి, కాసిని కాసిని నీళ్లు తాగిస్తూ, తడిగుడ్డతో తుడుస్తూ కూర్చున్నాం. దొరికాక ఆయన చెప్పింది విని ఒళ్లు జల్లుమంది. పొద్దున ఒక డోసు పట్టే పంపారట! ఎన్నింటికి పట్టారో ఆయనకీ తెలీదు. డోసుకీ డోసుకీ మధ్య కనీసం నాలుగు గంటలైనా ఉండాలి. ఇంట్లో వేసింది చెప్పకపోతే ఇక్కడ ఆ లెక్క చూసేదెలా?

పొద్దున డోసు వేసి పంపడం ఒక్కరింటి సంగతి కాదు. గేటు దగ్గర నేను నుదురు తాకి చూస్తానని అందరికీ తెలుసు. అప్పటికి ఒళ్లు చల్లగా ఉంటుంది, మందు పవరు తగ్గాక మళ్లీ కాలుతుంది. వాళ్ల మీద కోప్పడలేను. లీవు పెడితే ఆ రోజు కూలి పోతుంది, అడిగితే మొహం చిట్లించే సూపర్‌వైజర్ ఉంటాడు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చన్నారు. మా దగ్గరికి వచ్చే తల్లుల్లో ఆ సౌకర్యం ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఉంటే తన బిడ్డకి మందు తనే పట్టుకునేది, నాకీ చీటీల బాధ తప్పేది.

అవును, ఇప్పుడు చీటీ లేనిదే మందు తీసుకోవడం లేదు. బిడ్డ పేరు, బరువు, డాక్టర్ రాసిన మందు, ఎన్ని మి.లీ., ఇంట్లో ఆఖరి డోసు ఎన్నింటికి పట్టారు, కింద సంతకం. మందు దాని అట్టపెట్టెలోనే, దాంతో వచ్చిన డ్రాపరో కొలత మూతో కలిపి ఇవ్వాలి. వంటింటి చెంచాలు పనికిరావు, ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు. “మీదేమన్నా ఆసుపత్రా?” అని ఒకాయన అడిగాడు. కాదు కాబట్టే చీటీ అడుగుతున్నానన్నాను.

దగ్గు మందు అయితే చీటీ లేకుండా ముట్టుకోను కూడా. మధ్యప్రదేశ్‌లో దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్లలోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు రాయొద్దు, ఇవ్వొద్దని చెప్పింది. అయిదేళ్లలోపు వాళ్లకి కూడా సాధారణంగా వద్దంది. అయినా సంచుల్లో వస్తూనే ఉన్నాయి. “అది పడితే హాయిగా పడుకుంటాడు, మీక్కూడా సుఖం” అని ఒక నాయనమ్మ గారు నాకు నచ్చజెప్పబోయారు. పిల్లాడు మెలకువగా ఉండి అల్లరి చేస్తేనే నాకు సుఖమండీ అని సీసా ఆవిడ చేతిలోనే పెట్టేశాను.

మీ పత్రికకి నా మనవి ఒకటే. పిల్లల డాక్టర్ ఎవరితోనైనా రాయించి, డ్రాప్స్‌కీ సిరప్‌కీ తేడా, ఏ బరువుకి ఎన్ని మి.లీ., ఎన్ని గంటల ఎడం అన్నది పెద్దక్షరాల్లో ఒక పట్టికగా వేయండి. పిల్లల్ని దింపేది ఎక్కువగా తాతయ్యలూ అమ్మమ్మలూ కాబట్టి కళ్లజోడు లేకపోయినా చదవగలిగేలా ఉండాలి. మీరు వేస్తే జిరాక్సులు తీయించి గేటు దగ్గర ఒకటి అంటించి, చీటీ పుస్తకంతో పాటు ఇంటికొకటి ఇస్తాను.

ఇట్లు,
ఒక డేకేర్ నిర్వాహకురాలు,
గాజువాక, విశాఖపట్నం