బోన్సాయ్ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశానికి నివేదిక పెట్టాలన్నది నియమం కాబట్టి రాస్తున్నాను. ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవడానికి మన పెద్ద ఫైకస్ (మర్రి జాతికి చెందిన బోన్సాయ్ చెట్టు) కథ కూడా ఉంది.

ప్రదర్శన అయ్యాక దాన్ని కిటికీ లేని స్టోరు గదిలో పెట్టి తాళం వేశారు. ఎవరని అడగను. 10 రోజులకు తలుపు తీస్తే ట్రే చుట్టూ ఆకులే, కొమ్మల మీద ఒక్కటీ లేదు. మనది ఫైకస్ బెంజమినా అనే రకం. దానికి చోటు మారి వెలుతురు తగ్గితే చాలు, ఆకు దులిపేస్తుంది. అంతమాత్రాన చచ్చిపోయినట్టు కాదు. ఎరువు వేద్దామని ఒకరు, కుండీ మారుద్దామని ఇంకొకరు. రెండిటినీ ఆపినందుకు ఉపాధ్యక్షురాలికి ప్రత్యేక కృతజ్ఞతలు. నీరసపడ్డ వేర్లు ఎరువు తీసుకోలేవు, లవణాలు పేరుకుని ఉన్న వేర్లు కూడా మాడతాయి. ఆవిడ గోటితో బెరడు సన్నగా గీశారు. కొమ్మ చివర ఎండు గోధుమరంగు. రెండంగుళాలు కిందికి రాగానే తడి పచ్చ. "ప్రాణం ఉంది" అన్నారు.

ఆ తర్వాత చేసింది తక్కువే. ఎండ నేరుగా పడని వెలుతురులో పెట్టాం. తేమ నిలవడానికి పారదర్శక కవరు వదులుగా కప్పి, రోజూ కాసేపు తీశాం. పుల్ల గుచ్చి చూసి, పైమట్టి ఆరితేనే నీళ్లు పోశాం. ఆకుల్లేని చెట్టు తాగేది చాలా తక్కువ, తడి ఎక్కువైతే వేర్లు కుళ్లుతాయి. ఈ మాట డ్యూటీ చార్టు మీద ఎర్ర సిరాతో రాసి అంటించినా, ఒక ఆదివారం ముగ్గురొచ్చి ముగ్గురూ పోసి వెళ్లారు! ఆ తర్వాత రెండు వారాలు ఆ ముగ్గురిలో ఒక్కరూ రాలేదు. చార్టులో 11 పేర్లున్నాయి, పుల్ల పట్టుకున్నది ఇద్దరే. ఆ ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం.

ఆరో వారంలో కాండం మీద సూది మొనంత మొగ్గలు కనిపించాయి. ఇప్పుడు చిన్న ఆకులున్నాయి. ఎండిన రెండు కొమ్మల జోలికి, ఎరువు జోలికి ఆకులు ముదిరాకే వెళ్దాం.

స్టోరుకు కిటికీ పెట్టించమని అధికారులకు మూడు ఉత్తరాలు రాశాం. జవాబు లేదు.

నెలవారీ క్లాసులు, కొమ్మలు వంచడానికి లోహపు తీగ చుట్టే శిక్షణ మామూలుగానే జరిగాయి. ట్రేలు మోసినవారికి, టీలు అందించినవారికి, కుర్చీలు సర్దినవారికి ధన్యవాదాలు. జమాఖర్చులు కోశాధికారి బల్ల మీద ఉన్నాయి, చూసుకోండి. బాకీ చందాలు అక్కడే కట్టవచ్చు.

కొత్త డ్యూటీ చార్టు తలుపు దగ్గర పెట్టాను. వచ్చేవాళ్లే పేరు రాయండి.

— కార్యదర్శి