ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్‌కు

మా పాప పుట్టిన రెండో రోజు రాత్రి వార్డులో ఉన్న నర్సుగారికి ముందుగా నమస్కారం. మీ పేరైనా అడిగే ధ్యాస అప్పుడు నాకు లేదు.

పాప కుడిచెయ్యి ఒకే తీరుగా కొట్టుకుంటుంటే చలికి వణుకుతోందని దుప్పటి సర్దాను. మీరు ఆ దుప్పటి తీసేసి, చిట్టిచేతిని అరచేతిలో పెట్టుకుని మెల్లగా పట్టుకున్నారు. ఉత్త వణుకైతే పట్టుకోగానే ఆగిపోతుందట. ఇది మీ గుప్పిట్లోనూ కొట్టుకుంటూనే ఉంది. “ఫోనులో వీడియో తియ్యమ్మా” అని చెప్పి డాక్టర్‌గారి కోసం పరుగెత్తారు. ఆ 40 సెకన్ల వీడియోను తర్వాత ఎంతమంది డాక్టర్లు అడిగి చూశారో లెక్కలేదు.

పాపకు వచ్చింది పక్షవాతమని, అంటే మెదడులో ఒకచోటికి రక్తం అందలేదని తర్వాత తేలింది. పసికందులకు అది వస్తుందని నేనెన్నడూ వినలేదు. పాప మూతి వంకర పోలేదు, కాలూ చెయ్యీ పడిపోలేదు. ఫిట్స్ లేనప్పుడు పాలు కూడా తాగింది. అప్పుడే పుట్టిన పిల్లల్లో చాలాసార్లు ఇలా ఒకవైపు వచ్చే ఫిట్సే మొదటి గుర్తట. కొందరు మగతగా పడి ఉంటారు, కొందరికి ఊపిరి మధ్యమధ్య ఆగుతుంది.

పిల్లల డాక్టర్‌గారూ, చక్కెర, కాల్షియం సరిగ్గా ఉన్నాయి, ఇన్ఫెక్షన్ లేదు, మాడు మీద పెట్టి చేసిన అల్ట్రాసౌండ్‌లో ఏమీ లేదు అనగానే మేం ఊపిరి పీల్చుకున్నాం. మీరు మాత్రం ఇది అల్ట్రాసౌండ్‌కు చిక్కకపోవచ్చని ఎంఆర్‌ఐకి పట్టుబట్టారు. ఆ పూట మిమ్మల్ని మనసులో తిట్టుకున్నాను, క్షమించాలి. మెదడు ఎడమవైపు రక్తం అందని చోటు అందులో తెల్లగా కనిపించింది. కుడిచేతిని నడిపేది ఆ వైపే.

మత్తుమందు లేకుండా, పాలు పట్టించి, గుడ్డలో బిగించి చుట్టి, చెవులు మూసి పాపను నిద్రపుచ్చిన స్కానింగ్ గది వారికీ నమస్కారం.

నేనేం తిన్నానో, ఎలా పడుకున్నానో అని కుమిలిపోతుంటే, చాలామంది పిల్లల్లో కారణం దొరకనే దొరకదని, మళ్లీ రావడం అరుదని ఒకటికి నాలుగుసార్లు ఓపికగా చెప్పిన డాక్టరమ్మకు ఎంత చెప్పినా తక్కువే.

ఇప్పుడు అయిదో నెల. ఫిట్స్ మందు ఆపేశారు. పాప అన్నిటికీ ఎడమచెయ్యే చాపుతోంది. ఇంత చిన్న వయసులో ఒక్క చేతినే వాడటం మంచిది కాదని ఫిజియోథెరపీ చేయిస్తున్నాం. నిన్న గిలక్కాయను కుడిచేత్తో పట్టుకుంది, రెండు క్షణాలే. అదీ వీడియో తీశాను. సిస్టర్, మీరింకా ఆ వార్డులోనే ఉంటే ఒకసారి వచ్చి చూపిస్తాను.