ఓటీపీ రాని మన అతిథుల గురించి పర్యాటక శాఖ మంత్రి గారికి

మంత్రి గారికి నమస్కారం.

హైదరాబాద్ చూడటానికి వచ్చే విదేశీయులకు చార్మినార్, గోల్కొండ తిప్పి చూపించే గైడుని నేను. 22 ఏళ్ళుగా ఇదే పని. ఇప్పుడు రాస్తున్న విషయం మీదే ఇంతకు ముందు నాలుగు అర్జీలు ఇచ్చాను. మొదటిదానికి ఇన్వర్డ్ నంబరు ఇచ్చారు. మూడు నెలలాగి వెళ్తే ఆ నంబరు మీద కాగితమే కనపడటం లేదు, మళ్ళీ రాసివ్వమన్నారు. రాసిచ్చాను. తర్వాతి రెండిటికీ "పైకి పంపాం" అనే మాటే జవాబు. ఏ ఆఫీసో, ఎవరో పేర్లు రాయను. ఒకరి ఉద్యోగానికి ఇబ్బంది తేవడం నా ఉద్దేశం కాదు. ఆ "పైన" ఉన్నది మీరే కాబట్టి మీకే రాస్తున్నాను.

కొత్త టూరిజం పాలసీలో ఏముందో మీకు నేను చెప్పక్కర్లేదు. రిసార్టులు, రోప్‌వేలు రావాలి, రానివ్వండి. నేను అడిగేది దానికంటే చాలా చిన్నది. ఇక్కడ దిగిన మనిషికి ఒక మంచినీళ్ళ సీసా ఎలా కొనుక్కోవాలో, రాత్రిపూట హోటల్‌కి ఎలా చేరాలో చెప్పే దిక్కు లేదు.

మొన్న చలికాలంలో గోల్కొండ దగ్గర జరిగింది చెప్తాను. సౌండ్ అండ్ లైట్ షో అయిపోయింది. 70 ఏళ్ళ పెద్దావిడ, ఒంటరిగా వచ్చారు. నా టూరిస్టు కాదు, నేను వేరే వాళ్ళని బస్సెక్కించి వస్తుంటే గేటు బయట కనపడ్డారు. చేతిలో 500 నోటు పట్టుకుని 20 రూపాయల నీళ్ళ సీసా అడుగుతున్నారు. "చిల్లర్ నై, స్కాన్ కరో" అంటున్నాడు బండి అబ్బాయి. వాడి తప్పు కూడా కాదు, రోజంతా స్కానర్ మీదే అమ్మితే గల్లాలో చిల్లర ఎక్కడి నుంచి వస్తుంది? ఆవిడ ఫోన్ చూపించారు. క్యాబ్ యాప్ వేసుకోవాలని గంట నుంచి కష్టపడుతున్నారు. అది మన దేశపు నంబరు అడుగుతోంది. ఆవిడ ఫోన్లో ఉన్నది ప్రయాణాలకి కొనుక్కునే ఈ-సిమ్, అందులో నెట్ వస్తుంది కానీ నంబరు ఉండదు. నంబరు లేకపోతే ఓటీపీ రాదు. ఓటీపీ రాకపోతే క్యాబ్ రాదు. ఆటో వాళ్ళు వెయ్యి అడుగుతున్నారు, అది ఎక్కువో తక్కువో ఆవిడకి తెలీదు. నా ఫోన్లో క్యాబ్ పెట్టి, ఎక్కించి, హోటల్ చేరేదాకా మ్యాపు చూస్తూ నిలబడ్డాను. ఎక్కేముందు ఆవిడ రెండు చేతులూ జోడించారు. నాకు సంతోషం వేయలేదు, సిగ్గేసింది.

ఇలాంటివి ఎన్నో. నా ఫోన్లో మెసేజీలు తీసి చూస్తే సగం నావి కావు. వేరే వాళ్ళ క్యాబులు, వేరే వాళ్ళ భోజనాలు, వేరే వాళ్ళ టికెట్లు. మన నంబరు తీసుకోవచ్చు కదా అంటారు. తీసుకోవచ్చు. పాస్‌పోర్టు, వీసా కాపీలు, ఫోటో ఇచ్చినా, లోకల్‌గా తెలిసినవాళ్ళ నంబరు తెమ్మంటారు చాలా షాపుల్లో. ఊరికి కొత్తగా దిగిన మనిషికి తెలిసినవాళ్ళు ఎవరుంటారు? యాక్టివేట్ అయ్యేసరికి వాళ్ళ రెండు రోజుల ట్రిప్పులో ఒక రోజు గడిచిపోతుంది.

విదేశీయులంటే మెడలో కెమెరా వేసుకుని వచ్చేవాళ్ళే కాదు. టోలీచౌకి వైపు వెళ్తే సూడాన్, సోమాలియా, యెమెన్ నుంచి వైద్యం కోసం వచ్చిన కుటుంబాలు ఎన్ని ఉన్నాయో మీకు తెలియంది కాదు. అక్కడ అరబ్బీ బోర్డులు పెట్టింది షాపుల వాళ్ళు, ప్రభుత్వం కాదు. ఒక సూడాన్ తండ్రికి నా నంబరు ఎవరో ఇచ్చారు. ఒక ఆసుపత్రిలో బిడ్డకి పరీక్షలు చేశారు, రిపోర్టు లింకు పంపుతామంటే నంబరు లేక నాది రాయించాడు. రాత్రి 11 గంటలకి ఆ రిపోర్టు నా ఫోన్‌కి వచ్చింది. తెరవాలంటే ఓటీపీ, అదీ నాకే వచ్చింది. ఎవరి బిడ్డో, ఏం జబ్బో, కన్న తండ్రి కంటే ముందు నేను చదివాను. వాట్సాప్‌లో ఆయనకి పంపి చాలాసేపు నిద్రపోలేదు మంత్రి గారూ. నేను మంచివాణ్ణి కాబట్టి సరిపోయింది. ఓటీపీ చెప్పినందుకు వంద, రెండు వందలు గుంజేవాళ్ళు కూడా తిరుగుతున్నారు.

టూరిస్టుల హెల్ప్‌లైన్ 1363 ఉంది కదా అన్నారు ఒక అధికారి. ఉంది. మంచి నంబరే, హిందీ ఇంగ్లీషుతో కలిపి 12 భాషల్లో మాట్లాడతారు. కానీ నంబరు లేని ఈ-సిమ్ నుంచి దానికి మామూలు కాల్ ఎలా కలుస్తుంది? మన నంబరు లేకుండానే స్కాన్ చేసి డబ్బు కట్టేలా విదేశీయుల కోసం యూపీఐ వన్ వరల్డ్ అని ఒక వాలెట్ 2023లో జీ20 సమావేశాలప్పుడే తెచ్చారు. నేను ప్రతి టూరిస్టునీ అడుగుతాను. ఆ పేరు విన్నవాళ్ళు ఇద్దరే తగిలారు, అదీ ఢిల్లీలో విన్నారట. ఉన్నవాటి సంగతి కూడా చెప్పకపోతే అవి ఉండి ఏం లాభం?

అందుకే నేనే ఒక కాగితం రాశాను. మా అమ్మాయి ఇంగ్లీషు సరిచేసింది, మసీదు దగ్గర ఒక మౌల్వీ గారు అరబ్బీలో రాసిచ్చారు. ఒకటే పేజీ. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ మూసి ఉంటాయి, గోల్కొండ తెరిచే ఉంటుంది. ఎయిర్‌పోర్టు నుంచి మెట్రో లేదు, పుష్పక్ బస్సు ఉంది. మెట్రోలో చార్మినార్‌కి రావాలంటే ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కాలి. టికెట్ కౌంటర్లో నోట్లు తీసుకుంటారు. కుళాయి నీళ్ళు తాగొద్దు. 500 నోట్లు పొద్దున్నే పెద్ద షాపులో మార్చుకోండి. కొన్ని లాడ్జీల వాళ్ళు విదేశీయుల్ని దింపుకోరు, విదేశీ అతిథుల వివరాలు ప్రభుత్వానికి పంపే ఫారం నింపుతారా అని ముందే ఫోన్ చేసి అడగండి. ఏ ఆపద వచ్చినా 112. మక్కా మసీదులోకి వెళ్ళేటప్పుడు భుజాలు, మోకాళ్ళు కప్పుకోండి. ఇంతే. ఇందులో ప్రభుత్వానికి తెలియనిది ఒక్క ముక్క కూడా లేదు.

చార్మినార్ టికెట్టు విదేశీయులకి 300, మనకి 25. శ్రీలంక, నేపాల్, థాయ్‌లాండ్ లాంటి సార్క్, బిమ్స్‌టెక్ (మన చుట్టుపక్కల దేశాల కూటములు) దేశాల వాళ్ళకి మన రేటే అని కూడా అందులో రాశాను. అది తెలియక 300 కట్టి వచ్చినవాళ్ళని ఎంతమందిని చూశానో.

సొంత డబ్బుతో 500 జిరాక్సులు తీయించి పంచుతుంటే ఒక చోట ఆపేశారు. అనుమతి లేకుండా కరపత్రాలు పంచకూడదట. అనుమతి ఎవరివ్వాలో చెప్పండి, తెచ్చుకుంటాను అన్నాను. అది వాళ్ళకీ తెలీదు. నా నాలుగో అర్జీ ఆ అనుమతి కోసమే.

2025 మేలో మిస్ వరల్డ్ పోటీల అమ్మాయిలు చార్మినార్‌కి వచ్చిన రోజు నేనూ జనంలో ఉన్నాను. లాడ్‌బజార్‌లో వాళ్ళు గాజులు వేసుకుంటుంటే నిజంగా గర్వపడ్డాను. మన ఊరు ఇంత అందంగా ఉంటుందా అనిపించింది. ఆ రోజు వాళ్ళకి దారి చూపడానికి అడుగడుగునా మనుషులున్నారు. కిరీటం గెలిచింది థాయ్‌లాండ్ అమ్మాయి. ఆ దేశం నుంచే రేపు ఒక మామూలు టీచరమ్మ తన డబ్బు కూడబెట్టుకుని వస్తుంది. ఆమెకి ఎస్కార్టు వద్దు. తన టికెట్టు 25 రూపాయలని చెప్పే మనిషి ఒకరు చాలు.

దయచేసి శంషాబాద్‌లో బయటికొచ్చే దారిలో ఒక బల్ల వేయించండి. 24 గంటలూ ఒక మనిషి ఉండాలి. సిమ్ అక్కడే గంటలో ఇప్పించాలి. చార్మినార్, గోల్కొండ దగ్గర కూడా అలాంటి బల్లే. నీళ్ళు, క్యాబు, టికెట్టు, వీటికి విదేశీ నంబరుకో మెయిల్‌కో ఓటీపీ వచ్చేలా కంపెనీలతో మాట్లాడండి. చిల్లర ఇచ్చే కౌంటరు ఒకటి పెట్టించండి. ఇవన్నీ కావు అంటే కనీసం ఆ కాగితాన్ని ప్రభుత్వ ముద్రతో అచ్చు వేయించండి. తప్పులుంటే దిద్దండి. నా పేరు వేయక్కర్లేదు, డబ్బూ వద్దు. వేయించండి చాలు.

ఆ కాగితం ఈ లేఖతో జతచేశాను. చివరి లైనులో, అత్యవసరమైతే వాట్సాప్ చేయండి అని నా నంబరు ఉంది. రాత్రి రెండింటికీ మోగుతుంది. దాన్ని కొట్టేసి అక్కడ మీ శాఖ నంబరు రాయండి, మంత్రి గారూ.

ఇట్లు,
చార్మినార్ దగ్గర ఒక గైడు