మందుల షాపులో ఆ ఒక్క మాట అడిగించండి, మంత్రిగారూ

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

ఉరవకొండ దగ్గరి పల్లె నుంచి నమస్కరించి రాస్తున్నాను. రక్తం పలుచనయ్యే మందు వాడేవాళ్లకు మందుల షాపుల్లో అడగకుండానే నొప్పి మాత్రలు ఇచ్చేస్తున్నారని, సోమవారాలు పొద్దున్నుంచీ క్యూలో నిలబడి మూడు అర్జీలు ఇచ్చాను. మూడుసార్లూ 'మీ అర్జీ పరిష్కారమైంది' అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో చెప్పడానికి మాత్రం ఎవరూ రాలేదు.

ఆరోగ్యశ్రీలో మా అమ్మకు గుండె వాల్వు మార్చారు. ఆ మేలు మా ఇంట్లో ఎవరమూ మర్చిపోం. లోహపు వాల్వు కాబట్టి రక్తం పలుచనయ్యే మాత్ర, అసిట్రోమ్, బతికినన్నాళ్లూ వేసుకోవాల్సిందే. రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతోందో చెప్పే పరీక్ష అంకె, ఐఎన్ఆర్, 2.5కూ 3.5కూ మధ్య ఉండాలని డాక్టరు చీటీ మీద రాసిచ్చారు.

పోయినేడు చెనక్కాయలు పీకేటప్పుడు అమ్మకు నడుము పట్టేసింది. మందుల షాపుకు పోయి "నాయనా, నడుము లేస్తల్లేదు, ఏదన్నా మాత్రియ్యి" అంది. ఆ పిల్లోడు కత్తెరతో షీటు కత్తిరించి, పది మాత్రలు కాగితం కవర్లో వేసి, "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి ఏసుకో అవ్వా" అన్నాడు. వేరే మందులేమన్నా వాడుతున్నావా అని అడగలేదు. కవరు మీద పేరు లేదు. కత్తిరించిన ముక్కల్లో పేరున్న ముక్క షాపులోనే ఉండిపోయింది.

నాలుగో రోజు పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం. ఆరో రోజు విరేచనం తారులా నల్లగా. అమ్మ సిగ్గుపడి రెండు రోజులు చెప్పలేదు. ఆసుపత్రికి తీసుకుపోయేసరికి మొహం తెల్లగా పాలిపోయింది, రెండు బాటిళ్ల రక్తం ఎక్కించారు. ఏం మాత్రలు వేశారని డాక్టరు అడిగితే చూపించడానికి నా దగ్గర ఉన్నది ఆ ఖాళీ కవరే. తర్వాత షాపుకు పోయి అడిగితే డైక్లోఫెనాక్ అన్నారు. ఎర్రగీత ఉన్న మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనిది.

డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు కడుపు లోపలి పొరను పుండు చేస్తాయట, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లను ఒకదానికొకటి అతుక్కోనియ్యవట. పలుచన మాత్ర వేసుకునే మనిషికి ఆ పుండు నుంచి రక్తం కారడం మొదలైతే ఒక పట్టాన ఆగదు. ఈ ముక్క నాకు ఐసీయూ బయట నిలబడి తెలిసింది. ప్యారాసెటమాల్ కొంత మేలే కానీ, దాన్ని కూడా రోజులకొద్దీ వేసుకుంటే ఐఎన్ఆర్ పెరుగుతుందన్నారు.

ఇంటికొచ్చాక ఇంకో గండం. పక్కింటోళ్లంతా "ఆ పలుచన మాత్రే మానెయ్" అన్నారు. అమ్మ భయపడి మూడు రోజులు మానేసింది కూడా. వాల్వులో రక్తం గడ్డ కడితే పక్షవాతమో, ప్రాణమో! కాళ్లు పట్టుకుని మళ్లీ వేయించాను.

అయ్యా, నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. నొప్పి మాత్ర ఇచ్చే ముందు "రక్తం పలుచనయ్యే మందు వాడుతున్నారా?" అని అడగాలి. ఆ మాట ప్రతి షాపులో తెలుగులో, పెద్దక్షరాల్లో కనపడాలి. పేరు లేని కవర్లో మందు ఇవ్వకూడదు. వాల్వు ఆపరేషన్ చేసి పంపేటప్పుడే, చదువు రాని మా అమ్మలాంటి వాళ్లకు షాపులో చూపించే కార్డు ఒకటి చేతికివ్వండి. ఐఎన్ఆర్ పరీక్ష కోసం కూలి పోగొట్టుకుని జిల్లా కేంద్రం దాకా పోతున్నాం, దాన్ని మా మండలానికి తెప్పించండి. మందుల షాపులను తనిఖీ చేయించండి సార్, దయచేసి చేయించండి.

మళ్లీ చెనక్కాయలు పీకే రోజులొస్తున్నాయి. మా ఊళ్లో ఇంకో ఇద్దరు ఇదే మాత్ర వేసుకుంటున్నారు. వాళ్ల నడుములూ నొప్పి పెడతాయి. ఈసారి మెసేజ్ వద్దు సార్, మనిషిని పంపండి.

ఇట్లు,
ఒక కూతురు