అరటిపండు మీది ఈగ, అమ్మ కడుపులోని బిడ్డ

సంపాదకులకు నమస్కారం.

తార్నాకలో, కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీకి కూతవేటు దూరంలో జీవశాస్త్రం బోధిస్తున్న నాకు, జన్యువులంటే పోలికలు తెచ్చేవి మాత్రమేనని తల్లిదండ్రులు అనుకోవడం బాధ కలిగిస్తోంది. మగ్గిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలో శరీరంలో ఏ భాగం ఎక్కడ ఏర్పడాలో నిర్ణయించే హాక్స్ జన్యువుల్లో ఒక్కటి తన చోటు కాని చోట పనిచేస్తే, తలపై మీసాలకు బదులు కాళ్లు మొలుస్తాయి. ఆ కుటుంబానికి చెందిన జన్యువులే మన వెన్నుపాములో ఏ నాడీకణం ఎక్కడ ఏర్పడాలో నిర్దేశిస్తాయి. ఈగ పిండంపై పరిశోధనలకే 1995లో ముగ్గురికి నోబెల్ వచ్చింది.

మెదడుగా, వెన్నుపాముగా మారే నాడీనాళం ఫలదీకరణ తర్వాత దాదాపు 28 రోజులకల్లా, అంటే చాలామంది తల్లులకు నెల తప్పిన సంగతి తెలిసీ తెలియకముందే, మూసుకుపోతుంది. ఆ నాళం సరిగా మూసుకోవడానికి ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ తోడ్పడుతుంది. అందుకే వైద్యుల సలహాతో రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్‌ను గర్భం దాల్చకముందు నుంచే వాడాలని, ఈ పెళ్లిళ్ల కాలంలోనే మీ పత్రిక వివరంగా రాయాలని కోరుతున్నాను.

— ఒక ఉపాధ్యాయురాలు, తార్నాక, హైదరాబాద్